ఫారంలో అమ్మ పేరు

"ఎవరైనా అడిగితే మీకు అమ్మానాన్నలు లేరని చెప్పండి."

2004లో ఒక పిల్లల హోంలో వార్డెన్ ఆంటీ మమ్మల్ని వరసలో నిలబెట్టి చెప్పిన మాట ఇది. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు, తమ్ముడికి నాలుగు. మర్నాడు విదేశాల నుంచి అతిథులు వస్తున్నారు. హోంలో నలభై మందికి పైగా పిల్లలం ఉండేవాళ్లం. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయినవాళ్లు నాకు తెలిసి ముగ్గురే. మిగిలినవాళ్లలో చాలామందికి అమ్మ ఉంది. మా అమ్మ అక్కడికి గంట ప్రయాణం దూరంలో, నరసాపురం పక్కన మా ఊళ్లో, అరుగు మీద కూర్చుని లేసు అల్లుకుంటూ ఉంది.

అతిథులు వచ్చారు. పాటలు పాడాం. ఒక తెల్లావిడ కింద కూర్చుని తమ్ముణ్ని ఏదో అడిగింది. పక్కనున్నాయన తెలుగులో చెప్పాడు, "మీ అమ్మ ఎక్కడుంది బాబూ అంటున్నారు." తమ్ముడు నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. వాడు ఏమీ చెప్పలేక ఏడ్చాడు. ఆవిడ వాణ్ని ఎత్తుకుని తనూ ఏడ్చింది. వీడికి నా అన్నవాళ్లే లేరని అనుకుని ఉంటుంది పాపం.

ఇన్నేళ్ల తర్వాత ఇది రాయడానికి కారణం ఉంది. పోయిన నెలలో నేనే ఒక స్పాన్సర్‌షిప్ ఫారం నింపాను, ఉగాండాలో ఉన్న ఒక పాప కోసం. స్పాన్సర్‌షిప్ అంటే ఒక సంస్థ ద్వారా దూరాన ఉన్న ఒక బిడ్డకి నెలనెలా డబ్బు సాయం పంపడం. తీసుకునే వైపు పన్నెండేళ్లు ఉన్నాను. ఇప్పుడు ఇచ్చే వైపు వచ్చాను. రెండు వైపులా ఏం జరుగుతుందో నాకు తెలిసినంత వరకూ చెప్పాలనిపించింది.

నాన్న లారీ డ్రైవరు. 2004 ఫిబ్రవరిలో రోడ్డు ప్రమాదంలో పోయారు. లారీ ఆయనది కాదు. ఓనరుగారు ఆదరణ కూటం (మనిషి పోయాక జరిపే ప్రార్థన) ఖర్చులకి కొంత ఇచ్చి, ఆ తర్వాత మళ్లీ కనబడలేదు. అమ్మకి అప్పటికి ఇరవై ఏడేళ్లు.

మా వైపు ఆడపిల్లలకి లేసు అల్లిక నడక వచ్చినట్టే వచ్చేస్తుంది. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా ఈ పని గోదావరి డెల్టాకి వచ్చింది. 1836లో ఇంగ్లండ్‌లోని బార్న్‌స్టేపుల్ నుంచి బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు భార్యలతో వచ్చి నరసాపురంలో స్థిరపడ్డారు. అమ్మమ్మ వాళ్లు వెళ్లే మందిరం ఆ పరంపరలోదే. కానీ లేసుతో ఇల్లు గడవదు. దారం ఏజెంటు ఇస్తాడు, అల్లిన ముక్కలు ఏజెంటే పట్టుకెళతాడు, రేటు ఎంతో కూడా ఏజెంటే చెబుతాడు. పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా అల్లితే అమ్మకి రోజుకి ఇరవై రూపాయలు దాటేది కాదు. మగమనిషి సంపాదన పక్కన చేదోడుగా ఉండాల్సిన పని అది.

అందుకే మస్కట్ మాట వచ్చింది. మా ప్రాంతంలో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. ఇంటిపనికి వెళితే నెలకి ఆరేడు వేలు అని ఒక ఏజెంటు చెప్పాడు. ముప్పై ఏళ్ల లోపు ఆడవాళ్లని ఇంటిపనికి గల్ఫ్ పంపడానికి మన ప్రభుత్వం ఒప్పుకోదు. ఆ సంగతి అమ్మ అడిగితే, "అవన్నీ నేను చూసుకుంటాను" అన్నాడట. ఎలా చూసుకుంటాడో అడిగే ధైర్యం అమ్మకి లేదు. పాస్‌పోర్టు వచ్చింది. మమ్మల్ని ఎక్కడ ఉంచాలన్నది ఒక్కటే మిగిలింది. పెద్దమ్మ తనకి తెలిసిన హోం గురించి చెప్పింది. తిండి, చదువు అన్నీ ఉచితం. జూన్‌లో అమ్మ మమ్మల్ని బస్సులో తీసుకెళ్లి అక్కడ దింపింది. ఆ రోజు వార్డెన్ ఆంటీ అమ్మ చేత ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకుంది. అమ్మకి సంతకం పెట్టడం వచ్చు. ఎవరూ అడగలేదు.

ఆ హోంలో మమ్మల్ని కొట్టలేదు, పస్తులుంచలేదు. అది కూడా చెప్పాలి. పప్పు, చారు, ఆదివారం గుడ్డు ఉండేవి. రాత్రిళ్లు తమ్ముడు పక్క తడిపితే వాడి బట్టలు నేను ఉతికేదాన్ని. మూడో నెలలో వాడు నన్ను "అమ్మా" అనడం మొదలుపెట్టాడు. నేను సరిదిద్దలేదు.

ఆ అక్టోబరులో మా మందిరంలో బ్రదర్ గారి భార్య ద్వారా ఒక సంస్థ మనిషి మా ఇంటికి వచ్చింది. ఇంగ్లండ్, ఐర్లండ్ చర్చిలు కలిసి నడిపే చిన్న సంస్థ అది. తండ్రి లేని పిల్లలకి, భర్త పోయిన తల్లులకి సాయం చేసేది. వచ్చినావిడని అందరూ సిస్టర్ అనేవాళ్లు, భీమవరం ఆవిడ. చేతిలో ఒక ఫైలు, భుజానికి సంచి. అమ్మ మంచినీళ్లిచ్చింది. సిస్టర్ ఇల్లంతా చూసి, "పిల్లలేరమ్మా?" అంది.

"హోంలో ఉన్నారండి."

"నువ్వుండగా హోంలో ఎందుకున్నారు?"

అమ్మ మస్కట్ సంగతి చెప్పింది. సిస్టర్ ఫైలు మూసేసి, "మా దగ్గర ఒక రూలుందమ్మా. పిల్లలు తల్లి దగ్గరే ఉండాలి. హోంలో ఉంటే చేర్చుకోం" అంది. మళ్లీ పదిహేను రోజులకి వస్తానని, ఈలోగా ఆలోచించుకోమని చెప్పి వెళ్లిపోయింది.

మా జీవితాలు ఆ ఒక్క రూలు మీద తిరిగాయి. అమ్మ ఇప్పటికీ చెబుతుంది, ఆ పదిహేను రోజులూ నిద్ర పోలేదట. ఇటు చూస్తే నెలకి ఆరువేలు. అటు చూస్తే ఇంకా ఖాయం కాని ఏదో సాయం. ఏజెంటుకి అప్పటికే అడ్వాన్సు ఇచ్చింది. చివరికి అమ్మమ్మ అందిట, "పస్తుంటే ముగ్గురూ కలిసే పస్తుందురు గాని, వెళ్లి పిల్లల్ని తెచ్చుకో" అని. నవంబరులో అమ్మ వచ్చింది. తమ్ముడు అమ్మని చూసి నా వెనక దాక్కున్నాడు. అది తలుచుకుంటే అమ్మకి ఇప్పటికీ కళ్లు నిండుతాయి.

తర్వాత కాగితాల పని. నాన్న మరణ ధృవీకరణ పత్రం, రేషన్ కార్డు, ఎమ్మార్వో ఆఫీసు నుంచి ఆదాయం సర్టిఫికెట్, స్కూలు నుంచి స్టడీ సర్టిఫికెట్. నాన్న పోయింది వేరే జిల్లాలో కాబట్టి మరణ పత్రం అక్కడి నుంచే తేవాలన్నారు. దానికే అమ్మ మూడుసార్లు తిరిగింది. మూడోసారి సిస్టర్ కూడా వెంట వెళ్లింది. ఒంటరి ఆడది వెళితే "రేపు రా" అన్న గుమస్తా, ఫైలు పట్టుకున్న మనిషి పక్కనుంటే గంటలో కాగితం ఇచ్చాడట. సంస్థ చేసిన సాయాల్లో నేను ముందు చెప్పేది డబ్బు కాదు, ఆ రోజు బస్సెక్కి అమ్మతో వెళ్లడం.

నా ఫారం నింపిన రోజు బాగా గుర్తుంది. సిస్టర్ తెలుగులో అడుగుతూ ఇంగ్లీషులో రాసింది. ఏం వండుకుంటారు, నీళ్లు ఎక్కడి నుంచి, ఇంటి కప్పు దేనిది, నీకు ఏ ఆట ఇష్టం. "తల్లి పేరు" అన్న గడి వచ్చినప్పుడు నేను ఆగిపోయాను. చెప్పొచ్చా అన్నట్టు అమ్మ వైపు చూశాను. హోంలో ఏం నేర్పారో అమ్మకి అంతవరకూ తెలియదు. నేను గొణుగుతూ చెప్పాను. సిస్టర్ "గట్టిగా చెప్పమ్మా, స్పెల్లింగ్ తప్పు పోతుంది" అంది. గట్టిగా చెప్పాను.

తర్వాత ఫొటో. నిలువుటద్దంలో కనిపించేలా పూర్తిగా, చెప్పులు లేకుండా, ఛాతీ దగ్గర పలక పట్టుకుని. పలక మీద నెంబరు. నవ్వొద్దని ఎవరూ చెప్పలేదు కానీ నాకు నవ్వు రాలేదు. ఆ ఫొటో ఎక్కడో ఒక చర్చిలో బల్ల మీద పెడతారని, ఎవరో ఒకరు ఎంచుకుంటారని సిస్టర్ చెప్పింది. నాతో పాటు ఫొటో తీయించుకున్న పిల్లలకి ఒక్కొక్కరికే స్పాన్సర్లు వస్తుంటే నాకు ఆరు నెలలు రాలేదు. నవ్వి ఉంటే త్వరగా వచ్చేదేమో అనుకునేదాన్ని. పిల్లల్ని అలా ఫొటోల వరసలో పెట్టి ఎంచుకోమనడం నాకు ఇప్పటికీ నచ్చదు. ఈమధ్య కొన్ని సంస్థలు పిల్లల చేతే స్పాన్సర్‌ని ఎంపిక చేయిస్తున్నాయి. అది కొంత నయం.

2005 మేలో స్పాన్సర్ వచ్చింది. ఉత్తర ఐర్లండ్‌లో ఒక పెద్దావిడ. స్కూలు వంటగదిలో పనిచేసి రిటైరయ్యారు. నెలకి పదిహేను పౌండ్లు ఇచ్చేవారు. అప్పుడు పౌండు ఎనభై రూపాయల దగ్గర ఉండేది, అంటే పన్నెండు వందలు. ఆ డబ్బు మా చేతికి అలాగే రాదు. అందులోంచి స్కూలు ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, శనివారం సెంటర్లో భోజనం, డాక్టరు చెకప్, ఉత్తరాలు అనువాదం చేసేవాళ్ల జీతం పోను, అమ్మ పేరు మీద పోస్టాఫీసు ఖాతాలో నెలకి మూడొందలు పడేవి. చిన్న మొత్తమే. కానీ ప్రతి నెలా పడేది. లేసు ఏజెంటు రేటు తగ్గిస్తే "అయితే వద్దులెండి" అనగలిగే ధైర్యం అమ్మకి ఆ మూడొందలే ఇచ్చాయి. వితంతు పెన్షన్ రావడానికి ఇంకా సమయం పట్టింది, వచ్చాక అది నెలకి రెండొందలు.

శనివారం సెంటర్ అంటే మందిరం వెనక పెద్ద హాలు. గుడ్డు కూర, లెక్కలు, ఇంగ్లీషు, పాటలు, బైబిలు కథ. ఆరు నెలలకోసారి బరువు, ఎత్తు, నులిపురుగుల మాత్ర. హిందువుల పిల్లలు కూడా సగం మంది దాకా ఉండేవాళ్లు. వాళ్లూ అవే పాటలు పాడేవాళ్లు. మతం మారమని ఏ తల్లినీ అడగడం నేను వినలేదు, సాయం ఆపుతామని ఎవరినీ బెదిరించడమూ వినలేదు. అయినా నా స్నేహితురాలి అమ్మ ఒకసారి మా అమ్మతో అంది, "పాట పాడకపోతే ఏవనుకుంటారో అని మా పిల్ల గట్టిగా పాడుతోంది వదినా." ఆ మాట నాకు మిగిలిపోయింది. అన్నం పెట్టే చేతికి కాదని చెప్పడం బీదవాళ్లకి ఎంత కష్టమో సాయం చేసేవాళ్లు తలుచుకుంటూ ఉండాలి. నేను విశ్వాసినే. దిక్కులేని పిల్లల్ని, విధవరాండ్రని వాళ్ల ఇబ్బందిలో పరామర్శించడమే నిజమైన భక్తి అని బైబిలులో యాకోబు పత్రిక మొదటి అధ్యాయం చివర ఉంది. పరామర్శించమని ఉంది అక్కడ, బదులుగా ఏమైనా తీసుకోమని లేదు.

ఉత్తరాలు ఏడాదికి మూడు. ప్రత్యేకమైన కాగితం మీద, పై సగంలో నేను తెలుగులో రాస్తే, కింద సగంలో అనువాదం చేసే సార్ ఇంగ్లీషులో రాసేవారు. ఇంటి అడ్రసు రాయకూడదు, డబ్బు అడగకూడదు, ఫలానా వస్తువు కావాలని రాయకూడదు. ఆ రూళ్లు పిల్లల రక్షణ కోసమే అని ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు మాత్రం "నేను బాగున్నాను, మీరు బాగున్నారని తలుస్తాను, మా ఊళ్లో వానలు పడుతున్నాయి" తప్ప రాయడానికి ఏమీ మిగిలేది కాదు. పెద్దావిడ ఉత్తరాలు మాత్రం అలా ఉండేవి కావు. స్కూల్లో మూడొందల మంది పిల్లలకి బంగాళాదుంపలు ఎలా ఉడికించేవారో రాశారు. మంచు పడితే గేటు ఎలా బిగుసుకుపోతుందో రాశారు. నాలుగో ఉత్తరంలో కింద విడిగా "మీ అమ్మగారికి" అని ఒక పేరా ఉంది. తన భర్త పోయినప్పుడు తనకి ముప్పై ఒకటని, ఇద్దరు పిల్లలని, మొదటి శీతాకాలం ఎలా గడిచిందో తనకే తెలియదని రాశారు. అమ్మ ఆ కాగితం సార్ చేత మూడుసార్లు చదివించుకుంది.

2006లో గేదె వచ్చింది. సంస్థవాళ్లు ఆ ఏడాది భర్త పోయిన తొమ్మిది మందికి కుట్టుమిషన్లు ఇస్తున్నారు. అమ్మని కూడా అడిగారు. అమ్మ అంది, "ఒకే ఊళ్లో తొమ్మిది మిషన్లుంటే ఎవరి బట్టలు ఎవరు కుడతారండి? నాకు గేదె ఇప్పించండి, పాలు రోజూ అమ్ముకుంటాను." సిస్టర్ ముందు కుదరదంది. తర్వాత పై ఆఫీసుకి రాసింది. పెద్దావిడకి ఆ సంగతి తెలిసి విడిగా నూట యాభై పౌండ్లు పంపారు. పన్నెండు వేలు. పెనుగొండ వైపు నుంచి గేదెని తెచ్చారు. రసీదు, గేదెతో మేం ముగ్గురం దిగిన ఫొటో ఆఫీసుకి పంపాలి. ఆ ఫొటోలో తమ్ముడు నవ్వుతున్నాడు, నేను కూడా. తిరుగు ఉత్తరంలో ఆవిడ గేదె పేరేమిటని అడిగారు. మా ఊళ్లో గేదెలకి పేర్లు పెట్టరు. నుదుట తెల్లమచ్చ ఉందని తమ్ముడు అప్పటికప్పుడు చుక్క అని పెట్టాడు. పూటకి మూడు లీటర్లు ఇచ్చేది. అమ్మ రోజూ పాలకేంద్రానికి పోసొచ్చి, డ్వాక్రా సంఘంలో పొదుపు కట్టి, రెండేళ్లలో రెండో గేదె కొంది. పాస్‌పోర్టు మాత్రం ట్రంకుపెట్టె అడుగున ఉండిపోయింది. అందులో ఒక్క స్టాంపు కూడా పడలేదు.

మిషన్లు తీసుకున్న తొమ్మిది మందిలో ఇద్దరే వాటితో బతికారు. మిగిలినవి అమ్ముడైపోయాయి. వాళ్లు సోమరులు కారు. వాళ్లకేం కావాలో ముందు అడగలేదు, అంతే.

2009లో ఒక శనివారం సెంటర్లో నాకు కొత్త కాగితం ఇచ్చారు. పైన స్పాన్సర్ పేరు మారింది. ఒక చర్చి యువజన సంఘం పేరు ఉంది. "పాత ఆంటీ ఏమయ్యారు?" అని అడిగితే సార్, "వాళ్లు మానేశారమ్మా, వీళ్లు వచ్చారు. వీళ్లకి రాయి" అన్నారు. అంతకుమించి ఆయనకీ తెలియదు. నాకు పదమూడేళ్లు. ముందు ఉత్తరంలో నేనేం రాశానో గుర్తు చేసుకుంటూ ఎన్ని రాత్రులు పడుకున్నానో. లెక్కల్లో మార్కులు తగ్గాయని రాశాను. అందుకేనేమో. ఆవిడ చనిపోయారా, జబ్బు పడ్డారా, అప్పట్లో ఆర్థికమాంద్యం వచ్చి పెన్షన్ చాలలేదా, నాకు ఈ రోజుకీ తెలియదు. ఫీజు ఆగలేదు, భోజనం ఆగలేదు. కాగితం మీద అంతా సవ్యంగానే ఉంది. కానీ నాన్న కూడా అలాగే పోయారు, పొద్దున ఉండి సాయంత్రానికి లేకుండా. తండ్రి లేని పిల్ల దగ్గరికి ఒక మనిషిని తీసుకొచ్చి, ఆ మనిషిని మళ్లీ చెప్పకుండా తీసేయకూడదు. ఎవరైనా నన్ను కూర్చోబెట్టి, "నీ తప్పేం లేదమ్మా" అని ఒక్క మాట చెప్పి ఉంటే చాలు.

యువజన సంఘం వాళ్లు ఒక్క ఉత్తరం కూడా రాయలేదు. నేను ఏడాదికి మూడు చొప్పున రాస్తూనే ఉన్నాను.

2014లో బీఎస్సీ నర్సింగ్‌లో సీటు వచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ పోను మిగిలింది సంస్థ కట్టేది. 2017లో సంస్థ మా జిల్లాలో పని ఆపేసింది. విదేశీ విరాళాల అనుమతి తిరిగి రాలేదన్నారు. ఆ ఏడాది మార్చిలోనే పెద్ద సంస్థ కంపాషన్ ఇంటర్నేషనల్ కూడా భారతదేశంలో పని ముగించింది. వాళ్ల దగ్గర దాదాపు 1,45,000 మంది పిల్లలు ఉండేవారు. విదేశీ డబ్బు తీసుకునే సంస్థల మీద 1976లోనే చట్టం ఉంది. 2010లో దాని స్థానంలో కొత్తది వచ్చింది, 2020లో దాన్ని ఇంకా బిగించారు. ఇప్పుడు విదేశీ విరాళం ఏదైనా ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి, అందులో ఆఫీసు ఖర్చులు ఇరవై శాతం మించకూడదు, ఒక సంస్థ ఆ డబ్బుని ఇంకో సంస్థకి ఇవ్వకూడదు. డబ్బుకి లెక్క అడగడం తప్పు కాదు. మమ్మల్ని అమ్మ లేదని చెప్పమన్న హోంని ఎవరైనా గట్టిగా లెక్క అడిగి ఉంటే నేనే సంతోషించేదాన్ని. కానీ మా సెంటర్ మూతపడినప్పుడు నాలుగో తరగతి పిల్లలు గేటు దగ్గర నిలబడటం చూశాను. ఆ వారం గుడ్డు కూర లేదని వాళ్లకి ముందుగా ఎవరూ చెప్పలేదు.

నా చివరి ఏడాది ఫీజుకి అమ్మ ఒక గేదెని, దూడని అమ్మింది. చుక్క అప్పటికే ముసలిదైపోయింది, దాన్ని మాత్రం అమ్మలేదు.

మా ఊళ్లో చిన్న వయసులో భర్త పోయిన ఆడవాళ్లు ఇప్పటికీ నాకు ఫోన్ చేసి "ఏ సంస్థ ఉందమ్మా" అని అడుగుతారు. నేను ముందు ప్రభుత్వ సాయం గురించే చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో వితంతు పెన్షన్ 2024 నుంచి నెలకి 4,000 రూపాయలు. అది కాక మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద, తల్లి దగ్గరే ఉండి చదువుకునే పిల్లలకి ఒక్కొక్కరికి నెలకి 4,000 స్పాన్సర్‌షిప్ ఉంది. పల్లెల్లో కుటుంబం ఆదాయం ఏడాదికి 72,000, మిగతా చోట్ల 96,000 మించకూడదు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి. అంగన్‌వాడీ టీచర్ని అడిగితే దారి చెబుతారు, 1098కి ఫోన్ చేసినా చెబుతారు. ఈ పథకం ఉందని చాలామందికి తెలియదు. తెలియకనే పిల్లల్ని హోంలో వదిలేస్తున్నారు. ఎవరైనా "పిల్లల్ని మాకివ్వండి, మేం చూసుకుంటాం" అంటే, బాలల న్యాయ చట్టం కింద ఆ హోంకి రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. ఉన్నా సరే, పిల్లల్ని ఇంట్లోనే ఉంచడానికి సాయం చేస్తారా అని ముందు అడగండి. యూనిసెఫ్ లెక్కల్లో తల్లిదండ్రుల్లో ఒక్కరు పోయినా ఆ బిడ్డని అనాథ కిందే రాస్తారు. లెక్కకి అది సరిపోతుందేమో. అమ్మ ఉన్న పిల్లని ఆ మాటతో పిలిస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

చదువయ్యాక విజయవాడలో నాలుగేళ్లు పనిచేసి, ఓఈటీ (వైద్యరంగంలో పనిచేసేవాళ్లకి పెట్టే ఇంగ్లీషు పరీక్ష) రాసి, 2022లో నర్సుగా ఇంగ్లండ్ వచ్చాను. ఇక్కడి చర్చిలో ఒక ఆదివారం వెనక బల్ల మీద పిల్లల ఫొటోలు పరిచి ఉన్నాయి. వరసలు వరసలుగా. నేను ఆ బల్ల దగ్గరికి వెళ్లలేక బయటికొచ్చేశాను. రెండేళ్లు అలాగే దాటేశాను. అమ్మే ఒకరోజు ఫోన్లో అడిగింది, "మనకి చేశారు కదా, నువ్వెవరికైనా చేస్తున్నావా?"

సంతకం పెట్టే ముందు ఆ సంస్థకి ఫోన్ చేసి నాకున్న ప్రశ్నలన్నీ అడిగాను. పాప ఎక్కడ ఉంటుంది, తల్లి దగ్గరేనా? తల్లికి నేరుగా ఏం చేరుతుంది? ఏం కావాలో ఆవిడనే అడుగుతారా? ప్రార్థనకి రాకపోతే సాయం ఆగుతుందా? ఫోన్లో అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. పిల్లలంతా ఇంట్లోనే ఉంటారట. తల్లులకి పొదుపు సంఘం ఉందట. ఒక పెట్టెకి మూడు తాళాలు, మూడు తాళంచెవులు ముగ్గురి దగ్గర. సంఘమంతా కూర్చుంటే తప్ప పెట్టె తెరవరు. వింటుంటే మా అమ్మ డ్వాక్రా మీటింగులే గుర్తొచ్చాయి.

చివరగా అడిగాను. "రేపు నాకు ఉద్యోగం పోయి ఆపేయాల్సి వస్తే, ఆ పాపకి ఏం చెబుతారు?"

కాసేపు మాట రాలేదు. అలా ఎవరూ అడగలేదంది. కనుక్కుని చెప్తానని, రెండు రోజుల తర్వాత తనే ఫోన్ చేసింది. అక్కడి వర్కర్ ఇంటికి వెళ్లి, తల్లి ముందే పాపని కూర్చోబెట్టుకుని చెబుతారట. కారణం తెలిస్తే కారణం చెబుతారట. స్పాన్సర్ వీడ్కోలు ఉత్తరం రాస్తే అది ఇస్తారట. కొత్తవాళ్లు దొరికేదాకా ఉమ్మడి నిధి నుంచి ఖర్చు పెడతారట. నేను ఆ రాత్రే ఫారం నింపాను. నెలకి ముప్పై పౌండ్లు, నా బ్యాంకు నుంచి నేరుగా వెళ్లిపోతుంది. ఇక్కడ పన్ను కట్టేవాళ్లు గిఫ్ట్ ఎయిడ్ గడిలో టిక్కు పెడితే మనమిచ్చే ప్రతి పౌండుకీ ప్రభుత్వం ఇరవై ఐదు పెన్నీలు కలుపుతుంది, అంటే ముప్పైకి ఇంకో ఏడున్నర. ఆపేయాలంటే బ్యాంకు యాప్‌లో ఒక్క నొక్కు చాలు. అది చూసినప్పుడు 2009 గుర్తొచ్చింది. ఐర్లండ్ పెద్దావిడ కోసం ఆ రోజు మళ్లీ ప్రార్థన చేశాను.

పోయిన వారం ఫొటో వచ్చింది. ఎనిమిదేళ్ల పాప. పలక లేదు, నెంబరు లేదు. పక్కన తల్లి నిలబడి ఉంది, వెనక అరటిచెట్లు. వీడియో కాల్‌లో అమ్మకి చూపించాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని ఫోను దగ్గరగా పెట్టుకుంది. పాపని చూసి, తర్వాత తల్లినే చాలాసేపు చూసింది.

"చిన్న పిల్లే పాపం, పాతికేళ్లుంటాయేమో. ఆవిడకి ఏమున్నాయంట?"

"రెండు మేకలున్నాయంటమ్మా, బీన్స్ పండిస్తుందంట."

"పాల మేకలా, కోసుకునేవా?"

"అది రాయలేదమ్మా."

"అడుగు మరి. ముందు అది రాయి. బళ్లో ఏం చదువుతున్నావు, ఏ రంగు ఇష్టం, అవన్నీ తర్వాత రాద్దువుగాని. మొదటి ఉత్తరం తల్లికి రాయి."

మొదటి ఉత్తరం తల్లికే రాశాను.